గీత ఉన్నది మనది

డిసెంబరు పదహారో తేదీ ఉదయం నా బకెట్లో ఐసు అడుగున ఉంది.

అది మా క్వార్టరు వెనక వరండాలో ముందురోజు నింపి పెట్టుకున్న వాడుక నీళ్ళ బకెట్. ఆ ఊళ్ళో నాకది రెండో చలికాలం. లేవగానే అట్లకాడ పట్టుకెళ్ళి, నీళ్ళ మీద పలకలా కట్టిన ఐసును నాలుగు పోట్లు పొడిచి, కన్నం చేసి, అందులోంచి చెంబుతో తోడుకోవడం అలవాటైపోయింది. ఆ రోజూ అట్లకాడ ఎత్తి బలంగా పొడిచాను. అది సర్రున నీళ్ళలోకి దిగిపోయింది. మోచేతి దాకా తడిసింది. పైన నీళ్ళు తొణుకుతున్నాయి. కింద, బకెట్ అడుగున, జానెడు మందాన తెల్లగా ఐసు.

ఆ చలిలో తడిచేయి తుడుచుకోకపోతే చర్మం ఊడివస్తుందని నాకు తెలుసు. అయినా తుడుచుకోవాలని తోచలేదు.

అలాంటి ఐసును అంతకుముందు నేను ఒక్కసారే చూశాను. మా ఆయన తెచ్చి చూపించారు. ఆయన ల్యాబులోని అద్దాల తొట్టెలో తప్ప లోకంలో ఇంకెక్కడా ఉండకూడనిది అది.

*

మా ఆయన త్రినాథ్ సూక్ష్మజీవుల మీద పనిచేస్తారు. మాది విజయనగరం. ఆయన ఉద్యోగం మమ్మల్ని హిమాలయాల్లో పద్నాలుగు వేల అడుగుల ఎత్తున ఉన్న యార్ఛో అనే సరస్సు దగ్గరికి తెచ్చింది. ఒడ్డున అదే పేరుతో ఎనిమిది ఇళ్ళ ఊరు. ఊరికి కొంచెం ఎగువన పరిశోధన కేంద్రం, దాని పక్కన రెండు క్వార్టర్లు. ఒకటి మాది. రెండోది కేంద్రం జీపు నడిపే పైడిరాజుది. అతనూ అతని భార్య అప్పలనరసమ్మా శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డువాళ్ళు. అంత ఎత్తున తెలుగు మాట వినపడేది మా రెండు గుమ్మాల మధ్యే.

ఊరివాళ్ళకున్న కష్టం ఒకటే. చలికాలమంతా సరస్సు మీద కట్టిన ఐసు ఏప్రిల్ ఎండకు ఒక్కసారిగా కరిగి వాగులో పడి పోతుంది. బార్లీ చేలకు నీళ్ళు కావలసిన జూన్, జూలైలలో వాగు ఎండిపోతుంది. ఐసు నీటి మీద కాకుండా అడుగున ఉంటే ఎండ తగలదు, ఆగస్టు దాకా కొంచెం కొంచెంగా కరుగుతుంది. మా ఆయన రెండేళ్ళుగా దాని కోసమే కష్టపడుతున్నారు.

మొన్న అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఫ్లాస్కు పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

“ఇందూ, ఒక గ్లాసుడు నీళ్ళు పెట్టు.”

పెట్టాను. ఫ్లాస్కులోంచి ఒక ఐసు ముక్క వేశారు. తేలింది. ఇంకోటి వేశారు. టక్కుమని అడుగుకు పోయింది.

“గులకరాయి వేసి నన్ను ఆటపట్టిస్తున్నారా?”

“కరిగేదాకా కూర్చుని చూడు.”

పప్పు మీద మూత పెట్టి కూర్చున్నాను. పావుగంటకు రెండూ కరిగాయి. గ్లాసులో నీళ్ళే మిగిలాయి.

“మామూలుగా నీళ్ళు గడ్డకట్టేటప్పుడు కాళ్ళు బారజాపుకుని కూర్చుంటాయి,” అన్నారాయన. “మధ్యలో ఖాళీ ఎక్కువ. అందుకే ఐసు తేలిక, అందుకే తేలుతుంది. హిమనదం పగుల్లో దొరికిన ఈ జీవి వాటిని బాసింపట్టు వేయించి దగ్గర దగ్గరగా కూర్చోబెడుతుంది. బరువెక్కి మునుగుతుంది.”

ఆ జీవి హిమనదం బయట ఒక్కరోజు కూడా బతికేది కాదట. ఆయన ఎన్ని పోషకాల్లో వేసినా మర్నాటికి చచ్చిపోయేది. చివరికి విసుగెత్తి, నేను కట్టిన క్యారేజీలో మిగిలిన పెరుగులో ఒక చుక్క వేశారు. బతికింది. వారం తిరిగేసరికి పెరుగంతా అదే.

ఆ తోడు మా అమ్మ దగ్గరిది. బొబ్బిలి నుంచి చిన్న స్టీలు గిన్నెలో, మధ్యలో రెండుచోట్ల పాలు కొని తోడేసుకుంటూ, రైళ్ళూ జీపులూ మారి తెచ్చుకున్నాను.

“మీ అమ్మగారి తోడు లేకపోతే మన జీవి లేదు,” అన్నారు.

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన నోట ‘మా ల్యాబు’, ‘మా ప్రయోగం’ అనే విన్నాను. ‘మన’ అనడం అదే మొదలు. పప్పు పోపు పెట్టుకున్నాను గాని, ఆ మాట ఆ రోజంతా నాతోనే ఉంది.

*

ఆ ఐసును సరస్సులో వెయ్యాలని ఆయన ఎన్నడూ అనుకోలేదు. కొండ వాలులో, చేపా నాచూ లేని చోట, ప్లాస్టిక్ పట్టా పరిచి తవ్వించిన గుంటలో మాత్రమే పరీక్షించాలని రాసుకున్నారు. ఎందుకో నాకు ముందు తెలిసింది ఆయన వల్ల కాదు, ఆచే రిగ్జిన్ వల్ల. ఆచే అంటే వాళ్ళ భాషలో అక్క. అరవై దాటిన మనిషి, ఒంటరిగా కూతుర్ని పెంచింది. సరస్సు బాగోగులు చూసేది ఆవిడే.

కిందటి ఏడాది నవంబరు ఆఖర్లో ఒకరోజు ఆవిడ నన్ను ఒడ్డుకు తీసుకెళ్ళింది. ఈ చివర నుంచి ఆ చివరకు సరస్సు తెల్లగా కట్టేసి ఉంది. ఆవిడ బోర్లా పడుకుని ఐసుకు చెవి ఆనించి, లేచి, తనకొచ్చిన హిందీలో నాకర్థమయ్యేలా చెప్పింది.

“తలుపేసుకుంది. ఇక లోపలివాళ్ళకి భయం లేదు.”

తర్వాత గునపంతో చిన్న కన్నం చేసి వేయించిన బార్లీ పిండి చల్లింది. అయిదు నిమిషాల్లో కన్నం కింద చేపలు గుమిగూడాయి. బయట మైనస్ ఇరవై రెండు. నేను వేలు ముంచి చూశాను. నీళ్ళు చల్లగానే ఉన్నాయి గాని కొరకడం లేదు. ఆ ఊళ్ళో ఆ చేపల్ని ఎవరూ తినరు, చలికాలమంతా మేత వేస్తారు.

ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగితే చెప్పారు. చలికి నీళ్ళు బరువెక్కి కిందికి దిగుతాయి, నాలుగు డిగ్రీల దగ్గర ఆగుతాయి. ఇంకా చల్లబడినవి తేలికై పైకొచ్చి, అక్కడే గడ్డకట్టి మూతవుతాయి. ఆ మూత చలిని లోపలికి రానివ్వదు.

“ఐసు తేలకపోతే భూమ్మీద చల్లటి దేశాల్లో ఒక్క చేప మిగిలేది కాదు. అందుకే సరస్సు జోలికి మేం పోం,” అన్నారు.

అప్పలనరసమ్మ మాత్రం ఆ చేపల్ని చూసి తట్టుకోలేకపోయేది.

“కళ్ళెదర ఇన్ని సేపలు ఈత్తావుంటే మనం పప్పూ బంగాళదుంపా తినడమేటి వొదినా? మా నాన్న సూత్తే తలకాయ బాదుకుంటాడు.”

“నువ్వు వల తీశావంటే ఆచే నిన్ను గుడిగంటకి కట్టేస్తుంది.”

“కట్టనీ. పులుసు తిన్నాక కట్టమను.”

*

అక్టోబరు దాటితే అక్కడ ఎవరి ఇంట్లోనూ పెరుగు తోడుకోదు. పాలు తక్కువ, పొడిపాలు ఎక్కువ, చలి ఇంకా ఎక్కువ. నేను గోరువెచ్చటి పాలలో తోడు కలిపి, గిన్నెను శాలువలో చుట్టి, బియ్యం డబ్బాలో దించేదాన్ని. నాది గడ్డగా కట్టేది. దాంతో ఊరి ఆడవాళ్ళు చిన్నచిన్న గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. తోడు అడిగినవాళ్ళకు లేదనడం మా ఇంట్లో లేదు.

నవంబరు పద్దెనిమిదిన ల్యాబులో జనరేటరు చెడిపోయింది. జీవిని పెంచుతున్న పెరుగు చలికి గడ్డకట్టి పాడవుతుందని మా ఆయన దాని గిన్నెను పైడిరాజుతో ఇంటికి పంపించారు. ఆ సమయానికి నేను ఇంట్లో లేను. ఆచే రిగ్జిన్ కూతురు లామోకు పెళ్ళి, వాళ్ళింట్లో రొట్టెలు ఒత్తుతున్నాను. గిన్నె అందుకుని మా పొయ్యి పక్కన పెట్టింది అప్పలనరసమ్మ. నా తోడు గిన్నె పక్కనే.

అవి రెండూ ఒకే సెట్టులోవి. ఒకదాన్ని ల్యాబుకు తీసుకెళ్ళేముందు ఆయన నన్ను అడిగారు కూడా. ఆ చలికి చీటీలు అంటుకోవు గనక మూత మీద మేకుతో గీత గీసుకున్నారు. ఆ సంగతి నాకప్పుడు తెలియదు.

నేను ఇంటికొచ్చేసరికి ఫోను మోగుతోంది.

“గిన్నె వచ్చిందా?”

“పక్కపక్కన రెండున్నాయి. ఏది ఏదో.”

“గీత ఉన్నది మనది. రెండూ కలవకుండా చూసుకో.”

‘మాది’ అని ఉంటే ల్యాబుదని తెలిసేది. ఆయన ‘మనది’ అన్నారు. మనది అంటే ఇంటిదనుకున్నాను. గీత లేనిదాన్ని ముట్టుకోకుండా పై అలమరలో పెట్టి తలుపు వేశాను. నా జాగ్రత్త చూసి నేనే మెచ్చుకున్నాను.

సాయంత్రం ఆచే రిగ్జిన్ పెళ్ళి భోజనాలకు తోడు కావాలని పెద్ద గిన్నె పట్టుకొచ్చింది. గీత ఉన్న గిన్నె మూత తీశాను. పుల్లటి వాసనకు బదులు తడిసిన రాయి వాసన వేసింది. గరిటె ఆగింది. పొడిపాల వల్లనేమో అనుకున్నాను. నాలుగు గరిటెలు వేసిచ్చాను, ఒక గరిటె నా పాలలో వేసుకున్నాను.

మర్నాడు నేను పెళ్ళివారింటికి బయలుదేరుతుండగా ఆయన వచ్చి గిన్నె తీసుకెళ్ళారు, రెండింట్లో ఏదో నేను చూసుకోలేదు. ఆయన మూత తీసి చూడడం మాత్రం గుమ్మంలోంచి చూశాను. ఏమీ అనలేదు.

ఆ పెళ్ళిలో కుదిరినంత బాగా పెరుగు ఇంకెన్నడూ కుదరలేదని ఊరంతా అన్నారు. రెండు రోజుల తర్వాత లామో కనుమ దాటి అత్తారింటికి వెళ్ళింది. ఆ వెనకే మంచు పడి కనుమ మూసుకుపోయింది. మిగిలిన ఏడిళ్ళ వాళ్ళూ ఆచే దగ్గరా నా దగ్గరా తోడు పట్టుకెళ్ళారు. గిన్నెలు కడిగిన నీళ్ళు కాలువలోకి, కాలువ సరస్సులోకి.

*

బకెట్ దగ్గర నుంచి నేను తిన్నగా లోపలికి వెళ్ళాను. ఆయన టీ తాగుతున్నారు.

“గీత ఉన్నది ఎవరిది?”

“ఏ గీత?”

“మూత మీద. ఆ రోజు ఫోనులో చెప్పారు.”

“మనదని చెప్పాను కదా.”

“మనదంటే?”

“మనదంటే మన...” అని ఆగారు. “ల్యాబుది.”

నేను వరండాలోకి నడిచాను. వెనకే వచ్చారు. బకెట్లో చెయ్యి పెట్టి అడుగున తడిమారు.

“గిన్నె తెరిచినప్పుడు గరిటె గుర్తు కనిపించింది,” అన్నారు. “నువ్వు రుచి చూసి ఉంటావనుకున్నాను. అడగలేదు.”

“నాకు వాసన తేడాగా తగిలింది. నేనూ అడగలేదు.”

“తిన్నందువల్ల ఎవరికీ ఏమీ కాదు. మన కడుపులో అరిగిపోతుంది.” ఆ మాట నాతో కాదు, తనతో తను చెప్పుకుంటున్నట్టు అన్నారు. “పెరుగు బయట బతకదు. బయట బతకదనే కదా...”

“ఇవి కాలువ నీళ్ళండీ. కాలువలో బతుకుతోంది.”

ఇద్దరం చెప్పులతోనే ఒడ్డుకు పరుగెత్తాం. డిసెంబరు సగం గడిచినా సరస్సు ఇంకా కట్టలేదని ఊళ్ళో పది రోజులుగా అనుకుంటూనే ఉన్నారు, ఈ ఏడు చలి ఆలస్యమని సర్దుకున్నారు. థర్మామీటరు మైనస్ పంతొమ్మిది చూపిస్తోంది. నీళ్ళ మీంచి ఆవిరి లేస్తోంది. నీళ్ళు నల్లగా, కదులుతూ, తెరుచుకుని ఉన్నాయి. ఆచే రిగ్జిన్ ఒక రాతి మీద కూర్చుని ఉంది, ఒళ్ళో బార్లీ పిండి మూట.

“తలుపు వేసుకోవడం మరిచిపోయింది,” అంది నన్ను చూసి.

మా ఆయన పడవలో నడిమధ్యకు వెళ్ళి పొడవాటి కర్ర దించారు. అక్కడ లోతు మూడు నిలువులు. కర్ర రెండు నిలువుల దగ్గరే ఠంగుమని ఆగింది.

*

ఆ జీవిని చంపేది వేడి ఒక్కటే. ఇళ్ళలో ఉన్న పెరుగంతా పోగుచేసి మరిగించాలి. పెరుగు పాడైందని చెప్పి అన్ని ఇళ్ళ నుంచీ తెచ్చేద్దామన్నారు మా ఆయన.

“నిజం తర్వాత చెప్పొచ్చు. ముందు గిన్నెలు తెచ్చుకుందాం.”

“అబద్ధం చెబితే ఒక గిన్నె మూల మిగిలిపోతుంది. బాగానే ఉంది కదా, పారెయ్యడమెందుకని దాచుకుంటారు. నేనైతే దాచుకుంటాను.”

నిజమే చెప్పాను. ప్రతి గుమ్మంలోనూ ఒకే మాట. “నేనిచ్చిన తోడులో పొరపాటు ఉంది. దానివల్లే సరస్సు కట్టలేదు. పెరుగూ మజ్జిగా వెన్నా ఏదున్నా ఇచ్చెయ్యండి. ఎవరికైనా ఇచ్చారా?” ఒక ముసలాయన నా మొహం మీదే తలుపు వేశాడు. కాసేపటికి తలుపు తీసి గిన్నె గడప మీద పెట్టి మళ్ళీ వేసుకున్నాడు. ఇంకో ఇంట్లో కోడలు గిన్నెతో పాటు గరిటె కూడా ఇచ్చింది, ఎంత చెప్పినా వెనక్కి తీసుకోలేదు.

ఆఖరున ఆచే రిగ్జిన్ ఇల్లు. ఆవిడ అంతా విని, లేచి, పెరుగు కుండను తనే మోసుకొచ్చి నా చేతికిచ్చింది.

“పెరుగు వల్ల సరస్సు ఎట్లా చస్తుంది?”

చెప్పాను. నాకొచ్చిన హిందీలో, కాళ్ళు బారజాపుకోవడం, బాసింపట్టు, అంతా.

“మీరు ఎవరికైనా ఇచ్చారా ఆచే, ఊరి బయటివాళ్ళకి?”

“ఎవరికీ ఇవ్వలేదు.”

ఆ రోజు మా పెరట్లో పెద్ద డేగిసా పెట్టి అన్నీ మరిగించాం. అప్పలనరసమ్మ కర్రతో కలుపుతూ నిలబడింది. కలపడం ఆపి అంది:

“ఆ గిన్నె ఆడెట్టింది నానే గదా వొదినా. యేరే గట్టు మీద ఎట్టినా బాగుణ్ను.”

“గట్టుదేం లేదు. మూత తీసింది నేను.”

ఆ రోజు నుంచీ తెరవని పై అలమరలో ఉండిపోయిన అమ్మ తోడు కూడా ఆ డేగిసాలోనే పోసేశాను.

*

సరస్సును మరిగించలేం. దానికి మూత లేదు గనక మేమే మూత వేద్దామన్నారు మా ఆయన. కేంద్రంలో ఉన్న టార్పాలిన్లు, థర్మోకోల్ పలకలు, ఊరివాళ్ళు తెచ్చిన తలుపు చెక్కలు, ఎండుగడ్డి మోపులు, ఖాళీ నూనె డబ్బాలు. అన్నీ తాళ్ళతో కట్టి దక్షిణపు మూల నీళ్ళ మీద పరిచాం. ఇరవై మందిమి అయిదు రోజులు కష్టపడితే ఒక వాకిలంత మేర కప్పగలిగాం. మిగిలిన సరస్సంతా ఆకాశానికి తెరుచుకునే ఉంది. పైనీళ్ళు గడ్డకట్టగానే మునిగి, కింది నీళ్ళను పైకి తోసేవి. అవి మళ్ళీ చలికి గడ్డకట్టి మునిగేవి. రోజుకు బెత్తెడు చొప్పున అడుగు పైకి లేస్తోందని ఆయన కర్రతో కొలిచి చెప్పేవారు. కొన్నాళ్ళకు కొలిచినా చెప్పడం మానేశారు.

ఉత్తరం కూడా రాశారు, పైవాళ్ళకు. ‘నా నిర్లక్ష్యం వల్ల’ అని రాసి నాకు చదివి వినిపించారు.

“నా పేరు కూడా రాయండి.”

“ఎందుకు? ప్రయోగం నాది.”

“ఇప్పుడు మాత్రం నాది అంటున్నారు,” అన్నాను.

ఆయన తల వంచుకుని నా పేరు రాశారు. జవాబుగా వచ్చిన మనుషులు హెలికాప్టరులో దిగి, చూసి, ఎండాకాలం రాకముందే వాగు మొదట్లో కాంక్రీటు గోడ కట్టి సరస్సును పూర్తిగా మూసెయ్యాలని తేల్చారు. ఒక్క చుక్క కూడా కిందికి పోకూడదు. అంటే బార్లీ చేలకు ఆ వాగు ఇక లేదు. ఎండాకాలంలో నాలుగు చుక్కలు మిగల్చాలని మొదలుపెట్టిన పని అది.

జనవరి ఇరవై ఏడున పొద్దున్నే పైడిరాజు వచ్చి తలుపు కొట్టాడు. “సారూ, ఒడ్డుకి రండి” అని మాత్రం అన్నాడు.

రేకుల కప్పు మీద వాన పడుతున్న చప్పుడు దూరం నుంచే వినిపించింది. ఆ ఊళ్ళో వాన పడదు, పైగా ఎండ కాస్తోంది. దగ్గరికెళ్ళాక తెలిసింది, అది తోకల చప్పుడు.

సరస్సంతా తెల్లటి నేలైపోయింది. దాని మీద జానెడు నీళ్ళు మిగిలాయి. ఆ జానెడు నీళ్ళలో సరస్సులో ఉన్న చేపలన్నీ ఉన్నాయి. అరచేతి పొడుగువి, మోచేతి పొడుగువి, ఎన్నేళ్ళుగానో మేత తిని ముదిరినవి. వీపులు నీటి పైకి తేలి, ఎండకు మెరుస్తూ, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, అన్నీ దక్షిణపు మూలకు, మేం వేసిన ఆ వాకిలంత కప్పు కిందికి తోసుకుంటున్నాయి. తోపులాటలో కొన్ని ఒడ్డున రాళ్ళ మీద పడుతున్నాయి. పడిన చేప పది అంకెలు లెక్కపెట్టేలోగా బిగుసుకుపోతోంది.

ఊరంతా ఒడ్డున నిలబడి ఉంది. ఎవరూ ఏడవలేదు. ఆచే రిగ్జిన్ తన మూట విప్పి, అలవాటు చొప్పున, పిండి చల్లింది. పిండి చేపల వీపుల మీద పడింది.

మొదట కదిలింది అప్పలనరసమ్మ. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, మా ఇంటి బకెట్ తెచ్చి, చేతులతో చేపల్ని ఎత్తి అందులో వేసుకోసాగింది. నాకు ఒక్క క్షణం మరో ఆలోచన వచ్చింది. అది నా మొహంలో ఆవిడకు కనిపించి ఉండాలి.

“కూరకి కాదొదినా,” అంది. “మరగ్గాసి సల్లార్చిన నీళ్ళు డ్రమ్ములో ఉన్నాయి గదా. పొయ్యి పక్కనెడతాను. నీ డ్రమ్ము కూడా ఖాళీ సెయ్యి, బేగి.”

ఆ మాటతో అందరూ కదిలారు. బిందెలు, డేగిసాలు, పాలకుండలు, స్నానాల తొట్లు. మధ్యాహ్నానికి ఆ ఊళ్ళో చేప లేని పాత్ర లేదు. మూడు వందల చిల్లర మిగిలాయి. సాయంత్రానికి సరస్సు చప్పుడు ఆగిపోయింది. నీళ్ళు ఉన్నచోట చేపలు ఉన్నట్టే, ఏ తోక ఎటు తిరిగి ఉందో అటే తిరిగి, ఐసులో నిలబడిపోయాయి. మర్నాడు వాటి మీద నడిచి అవతలి ఒడ్డుకు వెళ్ళొచ్చు. ఎవరూ నడవలేదు.

*

ఫిబ్రవరి రెండో వారంలో గోడ పని మొదలైంది. ఎనిమిదిళ్ళూ రెండు క్వార్టర్లూ వెతికి, మరిగించి, ఒక్కొక్క పేరూ కొట్టేసిన జాబితా మా ఆయన గోడకు అంటించారు. ఆయనకు నిద్ర పట్టడానికి అదొక్కటే ఆధారం. జీవి ఒక్క సరస్సులో చిక్కుకుంది, గోడ లేచిపోతే బయటికి దారి లేదు. పొద్దున్న లేవగానే ఆ కాగితం చూసి, తర్వాతే మొహం కడుక్కునేవారు.

అలాంటి ఒక పొద్దున్న ఆచే రిగ్జిన్ వచ్చింది. డ్రమ్ముల్లో చేపలకు పిండి తెచ్చింది. రెండు నెలల తర్వాత ఆవిడ మొహంలో కాస్త కళ కనిపించింది.

“లామో ఫోను చేసింది. కనుమ అవతల మంచు తుఫానుకు పడిపోయిన టవరు మళ్ళీ లేపారట. మూడు నెలల తర్వాత గొంతు విన్నాను.”

“బాగుందా?”

“బాగుంది. అత్తగారు మెచ్చుకుంటోందట. వాళ్ళ దోర్ఛోలో చలికాలం ఎవరికీ పెరుగు కుదరదు, కొత్త కోడలికి మాత్రం గడ్డగా కుదురుతోందట.”

నా చేతిలో టీ గిన్నె ఉంది. దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టాను.

“ఏ తోడుతో ఆచే?”

“నీదే. వెళ్ళేరోజు మూటలో కట్టిచ్చాను.”

“అడిగాను కదా మిమ్మల్ని. ఎవరికైనా ఇచ్చారా అని అడిగాను.”

ఆవిడ నా వంక అయోమయంగా చూసింది.

“ఎవరికీ ఇవ్వలేదు. లామో ఎవరో కాదు కదా. మన పిల్ల.”

మా ఆయన లోపలి గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. దోర్ఛో కూడా సరస్సే, ఆయన పటంలో ఉంది. నేను ఎన్నోసార్లు దుమ్ము దులిపాను ఆ పటానికి. యార్ఛోకు ఇరవై రెట్లు పెద్దది. దాని నుంచి బయలుదేరిన నీలిగీత కొండలు దిగి, పెద్దనదిలో కలిసి, పటం అంచు దాకా పోయి సముద్రంలో పడుతుంది.

“అక్కడ సరస్సు కట్టిందా, ఆచే?” అని అడిగారాయన.

“అది కూడా ఈ ఏడు తలుపు వేసుకోలేదట. దూరం కదా, నాకేం తెలుసు,” అంది. అంటూనే ఆవిడ మొహం మారింది. చేతిలోని పిండి మూటను ఛాతీకి అదుముకుంది.

“లామో ఇంకెవరికైనా ఇచ్చిందా?” అన్నాను.

“కొత్త కోడలమ్మా,” అంది ఆచే రిగ్జిన్. “ఊరంతా గిన్నెలు పట్టుకుని గుమ్మంలోకి వస్తే, లేదని ఎట్లా అంటుంది?”

డ్రమ్ములో ఒక చేప పైకొచ్చి నోరు తెరిచి మళ్ళీ మునిగింది. మా ఆయన గోడ మీది జాబితాను తీశారు. వెనక వైపు ఖాళీగా ఉంది. జేబులో కలం కోసం తడుముకున్నారు గాని, ఏం పేర్లు రాయాలో తెలియక, ఆ కాగితాన్ని అలాగే నా చేతికిచ్చారు.